నాన్న నడకకు తగిన దారి

మే నెల వచ్చిందంటే ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా తెలుగువాళ్ళ ఇళ్ళలో ఒకటే సందడి. మన దేశంలో ఎండలు ముదిరే వేళకు అమ్మానాన్నలో, అత్తమామలో ఇక్కడ దిగుతారు. వాళ్ళకు తొంభై రోజుల షెంగెన్ వీసా ఉంటుంది, మనకు రెండు వారాల సెలవు దొరుకుతుంది. ఆ రెండు వారాల్లోనే పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, స్విట్జర్లాండ్, వెనిస్, రోమ్ అన్నీ చూపించేయాలని పిల్లల ఆరాటం. మళ్ళీ వస్తారో రారో, వచ్చినా ఇంత ఓపిక ఉంటుందో ఉండదో అన్న బెంగే ఆ ఆరాటానికి మూలం. ఆ బెంగ నాకూ ఉంది. అందుకే చెబుతున్నాను. ఊళ్ళ జాబితా రాసే ముందు, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్ళేలోపు ఎన్నిసార్లు దిగి ఎక్కాలో రాసుకోండి. పెద్దవాళ్ళ ప్రయాణం సుఖంగా సాగేదీ, చెడేదీ అక్కడే.

మా నాన్నకు డెబ్బై దాటాయి. తెనాలిలో రోజూ పొద్దున్నే నడకకు వెళ్తారు కానీ, మెట్లు కనబడితే మోకాలు మొరాయిస్తుంది. అమ్మకు షుగరు. వేళకు తినాలి, బాత్‌రూమ్ దగ్గర్లో ఉండాలి. కిందటి వేసవిలో వాళ్ళతో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి పారిస్, అక్కణ్ణుంచి స్విట్జర్లాండ్‌లోని లుసెర్న్, మళ్ళీ ఇల్లు అని దారి వేసుకున్నాం. ఇటలీ జోలికి పోలేదు.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి పారిస్‌కు విమానంలో గంటంబావు, నేరుగా వెళ్ళే రైల్లో నాలుగు గంటలు. చూడగానే విమానమే మేలనిపిస్తుంది. గడప నుంచి గడపకు లెక్క వేసి చూడండి. రెండు గంటల ముందు ఎయిర్‌పోర్టుకు చేరాలి, సెక్యూరిటీ వరసలో నిలబడాలి, దిగాక సామాను కోసం ఆగాలి. చార్లెస్ డి గాల్ ఎయిర్‌పోర్టు నుంచి పారిస్ నడిబొడ్డుకు పాతిక కిలోమీటర్లు. చవక టికెట్ల విమానాలు దిగే బొవే నుంచయితే 80 కిలోమీటర్ల పైమాటే. రైలయితే ఊరి మధ్యలో ఎక్కి ఊరి మధ్యలో దిగుతాం. మంచినీళ్ళ సీసా పారబోయమనేవాళ్ళు ఉండరు, అమ్మ పులిహోర డబ్బా తెరిచి చూపించమనేవాళ్ళూ ఉండరు. 2007లో మొదలైన తూర్పు ఫ్రాన్స్ హైస్పీడ్ లైను మీద ఆ బండి గంటకు 320 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. నాన్న కిటికీ పక్కన కూర్చుని దారి పొడవునా పైర్లు చూస్తూ వచ్చారు. ఆయనకు ప్రయాణమంటే అదే.

ఇక టికెట్ల సంగతి. ఇండియాలో రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటోంది. ఆలస్యమైతే వెయిటింగ్ లిస్టు, అదీ కాకపోతే తత్కాల్. ఇక్కడ వెయిటింగ్ లిస్టు లేదు. ప్రయాణం దగ్గరపడేకొద్దీ ధర పెరుగుతుంది, అంతే. వీసా చేతికి రాగానే తేదీలు ఖాయం చేసుకుంటే చాలా డబ్బు మిగులుతుంది. ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. జర్మనీ లోపల తిరిగే ఐసీఈ ఎక్స్‌ప్రెస్ రైళ్ళలో టికెట్ వేరు, సీటు రిజర్వేషన్ వేరు. టికెట్ ఉంది కదా అని ఎక్కితే వేసవి రద్దీలో నిలబడాల్సి రావచ్చు. పెద్దవాళ్ళకు ఆ కొద్ది యూరోలు తప్పకుండా పెట్టండి. ఫ్రాన్స్ హైస్పీడ్ రైలు టీజీవీలో సీటు నంబరు లేకుండా ప్రయాణమే లేదు. స్విట్జర్లాండ్ లోపలి మామూలు రైళ్ళలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవచ్చు.

ఐరోపా అంతా తిరిగే పాస్ తీసుకుందామని చాలామంది అనుకుంటారు. ఇండియా నుంచి వచ్చినవాళ్ళకు యూరైల్, ఇక్కడ కాపురమున్న మనకు ఇంటర్‌రైల్. ఒకే కుటుంబానికి రెండు రకాల పాసులు. పాస్ చేతిలో ఉన్నా టీజీవీలో సీటుకు మళ్ళీ డబ్బు కట్టాలి. మాలా రెండు మూడు చోట్లకే వెళ్ళేవాళ్ళకు ముందుగా కొన్న విడి టికెట్లే నయం. స్విట్జర్లాండ్‌లో మాత్రం స్విస్ ట్రావెల్ పాస్ మాకు బాగా కలిసొచ్చింది. రైలు, బస్సు, సరస్సుల మీద తిరిగే పడవ, అన్నిటికీ అదే చెల్లుతుంది. మెషిన్ దగ్గర ఆగి టికెట్ కొనే పని లేదు.

స్టేషన్ ఎలాంటిదో కూడా ముందే చూసుకోవాలి. ఈ సంగతి ఎవరూ అంతగా చెప్పరు. ఫ్రాంక్‌ఫర్ట్ మెయిన్ స్టేషన్, పారిస్‌లోని గార్ ద లెస్ట్, లుసెర్న్ ఇవన్నీ మన నాంపల్లి స్టేషన్‌లా పట్టాలు ఆగిపోయే చోట్లు. ప్లాట్‌ఫారం చివరి దాకా నడిస్తే హాలు వస్తుంది. దూరం ఎక్కువే అయినా అంతా సమతలం. మధ్యదారి స్టేషన్లయితే అలా కాదు, దిగి ఎక్కడమో, ఎక్కి దిగడమో, లిఫ్టు వెతుక్కోవడమో తప్పదు. మోకాలి నొప్పి ఉన్నవాళ్ళకు ఈ తేడా పెద్దది. పారిస్‌లో ఒక్కో దిక్కుకు ఒక్కో స్టేషన్. జర్మనీ బండి గార్ ద లెస్ట్‌కు వస్తుంది, స్విట్జర్లాండ్ బండి గార్ ద లియోన్ నుంచి బయల్దేరుతుంది. మెట్రో మెట్లు నాన్నతో ఎక్కించలేను. అందుకని హోటల్‌ను గార్ ద లియోన్ పక్కనే తీసుకున్నాం. వచ్చిన రోజు టాక్సీ, వెళ్ళే రోజు నాలుగడుగుల నడక.

లుసెర్న్‌కు బాసెల్‌లో బండి మారాలి. వెంటనే దొరికే బండినే యాప్ ముందు చూపించింది. నేను గంట తర్వాతది ఎంచుకున్నాను. స్విట్జర్లాండ్‌లో 1982 నుంచి దేశమంతటా గంట గంటకూ అదే నిమిషానికి రైళ్ళు నడిచే పద్ధతి ఉంది కాబట్టి గంట ఆగినా పోయేదేమీ లేదు. ఆ గంటలో అమ్మ తిని మాత్ర వేసుకుంది, నాన్న కాళ్ళు చాపుకున్నారు, మేం తొందరపడకుండా లిఫ్టు పట్టుకున్నాం. తిరుగు ప్రయాణంలోనూ బాసెల్‌లోనే మారేలా చూసుకున్నాం. ఒకసారి చూసిన స్టేషనయితే పెద్దవాళ్ళకు కంగారు ఉండదు.

జర్మనీ రైళ్ళ విషయంలో ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం. 2024లో దూరప్రాంత రైళ్ళలో సమయానికి నడిచినవి 62.5 శాతమే. అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కించకుండా. కాబట్టి బండ్లు మారాల్సి వస్తే మొత్తం దారికి ఒకే టికెట్ కొనండి. మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పిపోతే గమ్యానికి చేర్చే బాధ్యత అప్పుడు రైల్వేది. విడివిడిగా కొంటే ఆ రక్షణ పోవచ్చు. ఐరోపా నియమాల ప్రకారం గంట ఆలస్యానికి టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం తిరిగి అడగవచ్చు. నడవలేనివాళ్ళకు స్టేషన్‌లో సాయం కావాలంటే 24 గంటల ముందు చెబితే చాలు, ఉచితంగా ఏర్పాటు చేస్తారు. మొహమాటపడకండి. పాస్‌పోర్టులు సూట్‌కేసు అడుగున కాక చేతి సంచిలో ఉంచండి. షెంగెన్ లోపలే తిరుగుతున్నా, 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీ పెట్టింది. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కదా అని చీకటి పడేవేళకు చేరే బండి పెట్టుకోవద్దు. అప్పటికి కొట్లు కట్టేస్తారు, అమ్మ భోజనం వేళ దాటిపోతుంది.

ఇటలీ వదిలేయడంతో లుసెర్న్‌లో తీరిక దొరికింది. పడవలో విట్స్‌నావు అనే ఊరికి వెళ్ళి, 1871లో మొదలైన, పళ్ళచక్రంతో కొండెక్కే రైల్లో రిగి శిఖరం దాకా వెళ్ళాం. ఐరోపాలో అలాంటి కొండ రైలు అదే మొదటిది. పడవకూ రైలుకూ ఆ స్విస్ పాసే చెల్లింది. పైన బెంచీ మీద కూర్చున్న నాన్న, "తర్వాత బండికి దిగుదాంలే అమ్మడూ, ఇంకాసేపు కూర్చోనీ" అన్నారు. ఆయన కోరితే కూర్చోబెట్టే వీలున్నందుకు నాకెంత సంతోషం కలిగిందో చెప్పలేను.

వచ్చే వేసవికి మీవాళ్ళను పిలుస్తుంటే, టికెట్ల యాప్ తెరవకముందే వాళ్ళకు ఫోన్ చేయండి. ఆగకుండా ఎంతసేపు కూర్చోగలరు, ఎంత దూరం నడవగలరు, ఎన్ని మెట్లు ఎక్కగలరు అని అడగండి. "నాకేం, బాగానే ఉన్నాను" అనే అంటారు. నాన్న గురించి అమ్మను, అమ్మ గురించి నాన్నను అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. ఏ ఊళ్ళు చూడాలో ఆ జవాబులు విన్నాక నిర్ణయించుకోండి.