ద్రాక్షతోటల యూరిలో మాఘమాసము

మన పూర్వులు సంవత్సరమును ఆరు ఋతువులుగా విభజించిరి గాని, వానిలో శిశిరమునకు కవుల యాదరము కొంచెము తక్కువయే యని చెప్పవలయును. వసంతమునకు కోకిల యున్నది. వర్షర్తువునకు నెమలి యున్నది. శరత్తునకు హంస యున్నది. శిశిరమునకు రాలిన యాకు మాత్రమే మిగిలినది. కాళిదాసు ఋతుసంహారమునందు సైతము శిశిరసర్గము మిగిలినవానికంటె చిన్నది. అట్టి ఋతువునందలి సొగసును, ఆ సొగసు వెనుకనున్న కష్టమును గూర్చి నాలుగు మాటలు వ్రాయవలెనని నా కోరిక.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమునందు శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు ఉత్తరముగా సుమారు 45 మైళ్ల దూరమున సొనోమా యను చిన్న యూరు కలదు. నా భర్త ఆ ప్రాంతమున ఉపాధ్యాయులుగా నుండుటచే మాకది నివాసమైనది. 1823లో ఫ్రాన్సిస్కను సన్న్యాసులు ఇచట మఠమును స్థాపించి, పూజాకార్యములకై ద్రాక్షను నాటిరి. నేడు లోయ యంతయు ద్రాక్షతోటలే. ఊరి జీవనమంతయు ఆ పండు పులియగా వచ్చు మద్యముపైననే. "మద్యం చేసే ఊళ్లో మాఘస్నానమేమిటే అమ్మాయీ?" అని మా అత్తగారు టెలిఫోనులో నన్నొకసారి నవ్వుచు నడిగిరి. ఆమె ప్రశ్నకు నేను తలచుకొన్న సమాధానము కొంత యీ వ్యాసమున గలదు.

ఇచటి శిశిరము మన శిశిరమువంటిది కాదు. వానలు కార్తీకమున మొదలై ఫాల్గుణము దాటువరకు కురియును. వేసవిలో చినుకు పడుట యరుదు. కనుక ఇచట చలికాలమే వానకాలము. వేసవిలో ఎండుగడ్డితో గోధుమవన్నె దాల్చు కొండలు మాఘమాసమునాటికి తొలకరి చేలవలె పచ్చనగును. రాత్రి దీపమార్పగానే కాలువగట్టున కప్పలు గొంతెత్తును. కప్ప బొటనవ్రేలంతయే, కూత వీథి చివరవరకు వినబడును. కప్పల యరపును వేదాధ్యయనముతో పోల్చిన ఋగ్వేదఋషి నాకు శ్రావణమున గాక మాఘమున జ్ఞాపకము వచ్చుచుండును.

ద్రాక్షతీగ యిప్పుడు ఆకులేని నల్లని మోడు. కాని వరుసకు వరుసకు నడుమ ఆవ పూచి, లోయకంతటికి పసుపు పూసినట్లుండును. పూర్వము సన్న్యాసులు దారిపొడవున ఆవాలు చల్లుకొనుచు వచ్చిరని యిచటివారు కథ చెప్పుకొందురు. కథ యెట్లున్నను ఆ మొక్క కర్షకునకు ఉపకారియే. వాననీరు మన్నును కొట్టుకొనిపోకుండ వేళ్లతో పట్టియుంచును. పిదప దున్నినచో మన్నులో కలిసి యెరువగును. మనము పోపులో చిటపటలాడించు గింజకు ఇంత ప్రయోజకత్వ మున్నదని ఈ యూరికి వచ్చినతరువాతనే తెలిసినది.

పెరళ్లలో తెల్లని బాదముపూలు, లేతగులాబివన్నె ఆల్‌బొఖారా పూలు విచ్చును. మన తుమ్మకు జ్ఞాతియైన ఆస్ట్రేలియా చెట్టొకటి నిలువెల్ల పచ్చని పూబంతులతో నిండును. దారి ప్రక్కల పులిచింత జాతి మొక్క పసుపుపూలు పూయగా, పిల్లలు కాడలు త్రుంచి నములుచు బడికి పోవుదురు. పులిచింత నమలని బాల్యము ఏ దేశమునను లేదు కాబోలు! నిమ్మచెట్లు ఈ చలిలోనే విరగకాయును. తమకు మిగిలినవానిని బుట్టలో పోసి వీథిగుమ్మమున నుంచుట యిచట పలువురకు అలవాటు. ఆ నిమ్మకాయకు తొక్క పలుచన, పులుపు తక్కువ; ఊరగాయ పెట్టినచో కారము హెచ్చింపవలయును.

ఇవి కంటికి కనబడు సొగసులు. ఇక పని మాట.

ఈ కాలమున ముఖ్యమైన పని తీగలు కత్తిరించుట. నిరుడు పెరిగిన కొమ్మలలో పదింట తొమ్మిదిపాళ్లు కోసివేయుదురు. పలుతోటలలో ఒక్కొక్కచోట రెండు కన్నులుగల పొట్టిముక్కను మాత్రమే యుంతురు. అన్నింటిని విడిచినచో గుత్తులెక్కువై రుచి పలుచనగును. మరీ ముందుగా కోసినచో తీగ త్వరపడి చిగిర్చి మంచుకు మాడును. వానకు ముందు కోసినచో తడిగాయములలో బూజు చేరి, కొన్నియేండ్లకు మ్రాను ఎండిపోవును. కనుక ఆకాశమును, నేలను, తీగను మూటిని చూచి కత్తెర పట్టవలయును. నేల వెచ్చబడునపుడు కోసినచోటనుండి తేటనీరు బొట్లుబొట్లుగా కారును. తీగ యేడ్చుచున్నదని యిచటివారందురు. నిజమునకది వేరు మేల్కొన్నదనుటకు గుర్తు. కొలదిదినములకు కన్ను విచ్చును.

ఈ కత్తెర పట్టువారెవరు? వేసవిలో వచ్చు యాత్రికులు సీసాలపై చదువు పేర్లలో వీరి పేర్లుండవు. వీరిలో ఎక్కువమంది మెక్సికో దేశమునుండి వచ్చినవారు, స్త్రీలును పలువురున్నారు. మా ప్రక్కయింటామె ఇరువదియేండ్లుగా ఈ పనియే చేయుచున్నది. మెక్సికోవారి యంగడిలో చింతపండు బుట్టవద్ద మాకు పరిచయమైనది. చింతపండు, ఎండుమిరపకాయలు, కొత్తిమీర ఆమె వంటకును నా వంటకును సమానమే గనుక మాటలకు లోటులేకపోయినది. తెల్లవారకమునుపే తలకు గుడ్డ చుట్టుకొని రబ్బరు బూట్లతో బయలుదేరును. సాయంకాలము వ్రేళ్లు ముడువలేక పాలగిన్నెను రెండు మణికట్ల నడుమ పట్టుకొని దింపుట చూచితిని.

"ఏ కొమ్మ నుంచవలెనో నీకెట్లు తెలియును?" అని యడిగితిని. "ఈ ఏటి పండు కోసమే చూస్తే చాలదు. పై ఏటికి ఏ కన్ను కావాలో అదీ ఇప్పుడే చూసుకోవాలి" అని చెప్పినది. పిల్లలను పెంచువారికి ఇంతకంటె వేరు పాఠము కావలయునా?

నాకు సొగసైన వాన ఆమెకు నష్టము. వాన పడిన దినమున పని లేదు. పని లేని దినమున కూలి లేదు. ఒక మాఘమున ఎడతెగక పదిదినములు ముసురు పట్టినపుడు ఆమె యింటి యద్దె యెట్లు చెల్లించునో యని నేను దిగులుపడితిని. అయినను వాన వలదని ఆమె నోట నేనెన్నడును వినలేదు. 2017 అక్టోబరు 8వ తేదీ రాత్రి పెనుగాలికి లేచిన కార్చిచ్చులు ఈ లోయలోని గ్లెన్ ఎలెన్, కెన్‌వుడ్ ప్రాంతములలో ఎన్నో యిండ్లను భస్మము చేసినవి. పొగ క్రమ్మిన యా దినములలోనూ ఆమెకు పని లేకపోయినదట. వాన లేనియేడు కొండ యెండి నిప్పుకు సిద్ధముగా నుండును. వాన మిక్కుటమైనయేడు గడ్డి యేపుగా పెరిగి, వేసవికి ఎండి, అదియు నిప్పుకు మేతయగును. "వాన రావాలమ్మా! రాత్రిళ్లు కురిసి తెల్లవారేసరికి ఆగితే చాలు" అని ఆమె ప్రార్థన. దేవుని ఇంత కొలతగా అడుగు ప్రార్థనను నేను వేరొకచోట వినలేదు.

మా అత్తగారి ప్రశ్నకు వత్తును. మద్యము సంసారములను కూల్చుట మన స్త్రీలకు తెలియనిది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణమును మూయించి రాష్ట్రమునంతటిని కదల్చిరి. 1995లో వచ్చిన మద్యనిషేధము 1997లో సడలిపోయినది. ఈ దేశమునను 1920 మొదలు 1933 వరకు నిషేధముండెను. అప్పు డీ ప్రాంతమున కొందరు ద్రాక్షను పీకి ఆల్‌బొఖారా నాటిరి. కొందరు చర్చి పూజలకు వలయు ద్రాక్షసారమును చేసి బ్రతికిరి. సీసాను నేను మెచ్చను. మా యింట దానికి చోటులేదు. అయినను ఆ సీసా నిందకు తోటలో చలికి వణకు చేతులను పాత్రములు చేయుట ధర్మము కాదని నా తలంపు.

రథసప్తమినాడు పెరటిలో సూర్యునకెదురుగా పరమాన్నము వండి నివేదింతును. జిల్లేడాకు దొరకదు, స్నానము నీటితో, సంకల్పముతో ముగియును. ఆ ప్రసాదములో ఒక గిన్నె ప్రక్కయింటికి పోవును. ఆమె బెల్లపురుచి చూచి తన యూరి బెల్లమును తలచుకొనును. మద్యము చేయు నూరిలో మాఘమాసము నాకు గడచు విధమిది.

సోదరీమణులారా! మీ పెరటి వేప ఆకు రాల్చునపుడు, మామిడి పూతకు వచ్చునపుడు, ఆ సొగసును చూచి యానందింపుడు. దానితోపాటు ఆ ఋతువున చలిలోనో వానలోనో మీకొఱకు పనిచేయు చేయి యేదో యొకసారి వెదకి చూడుడు. ఆ చేతికి ఆనాటి కూలి దక్కినదో లేదో విచారించుట కూడ గృహిణీధర్మములలో నొకటి.