పాత నమూనా, కొత్త ఊలు

ఎనభై తొంభై ఏళ్ల కిందట పత్రికల్లోనూ ఊలు కంపెనీల కరపత్రాల్లోనూ అచ్చయిన నమూనాలు పట్టుకుని ఇప్పుడు స్వెట్టర్లు, టోపీలు, చేతితొడుగులు, కాలర్లు అల్లుకునేవాళ్లు బ్రిటన్‌లో, అమెరికాలో చాలామంది ఉన్నారు. ముఖ్యంగా 1920 నుంచి 1950ల దాకా నడిచిన తీరు మీద వీళ్లకు మక్కువ. రెండు సూదులతో చేసేది నిట్టింగ్, ఒకే కొక్కెం సూదితో చేసేది క్రోషే. నిట్టింగులో వరస మొత్తం సూది మీదే ఉంటుంది. ఒక్క కుట్టు జారితే కిందిదాకా నిచ్చెనలా విడిపోతుంది. క్రోషేలో ఏ క్షణంలోనైనా తెరిచి ఉండే ఉచ్చు ఒక్కటే. అందుకే మధ్యలో ఆపి సంచిలో పడేసినా క్రోషేకు పెద్దగా ప్రమాదం లేదు. సన్నటి నూలుదారంతో లేసులు, కాలర్లు చేయడానికి అది బాగా కుదిరింది. ఒంటికి సాగుతూ పట్టుకుని ఉండాల్సిన బట్టకు నిట్టింగే మేలు.

నమూనాలను పుస్తకంగా అచ్చువేసే అలవాటు బ్రిటన్‌లో పందొమ్మిదో శతాబ్దం తొలి సగంలోనే బలపడింది. ఎడిన్‌బరోలో దుకాణం నడిపిన జేన్ గోగెయిన్ 1840లో వేసిన పుస్తకం బాగా పేరు తెచ్చుకుంది. అదే దశకంలో ఐర్లండ్‌ను కరువు పట్టి పీడించినప్పుడు కార్క్, క్లోన్స్ ప్రాంతాల్లో ఆడవాళ్లకు క్రోషే నేర్పి, వాళ్లు అల్లిన లేసు అమ్మిపెట్టి, కొన్ని కుటుంబాలకు కూడు దొరికేలా చేశారు. గులాబీలు, ఆకులు విడివిడిగా అల్లి, సన్నటి జాలితో కలిపే ఐరిష్ క్రోషే అలా నిలదొక్కుకుంది. ఈనాడు పాతకాలపు కాలరు అల్లాలనుకునేవాళ్లలో చాలామంది దాని దగ్గరికే వెళ్తారు.

ఇరవయ్యో శతాబ్దంలో స్వెట్టరు పనిబట్టల స్థాయి దాటి షోకు బట్టలలో చేరింది. షెట్లండ్, ఆర్క్నీ దీవుల మధ్య ఉన్న చిన్న దీవి ఫెయిర్ ఐల్. అక్కడి రంగురంగుల అల్లికను 1922లో అప్పటి యువరాజు ఎడ్వర్డ్ సెయింట్ ఆండ్రూస్ గోల్ఫ్ మైదానంలో తొడుక్కుని కనిపించాడు. ఆ తర్వాత దానికి గిరాకీ అమాంతం పెరిగింది. చూపుకు ఎన్ని రంగులున్నా అసలు పద్ధతి ప్రకారం ఒక్కో వరసలో వాడేది రెండే రంగులు. వాడని దారం వెనకవైపు నడుస్తుంది కాబట్టి బట్ట రెండు పొరలై చలికి బాగా ఆగుతుంది. 1927లో పారిస్‌లో ఫ్యాషన్ డిజైనర్ ఎల్సా షియాపరెల్లి నల్ల స్వెట్టరు మెడ దగ్గర నిజంగా రిబ్బను ముడివేసినట్టు కనిపించే తెల్లటి బో బొమ్మ అల్లించింది. అల్లింది పారిస్‌లో ఉన్న ఒక ఆర్మేనియన్ మహిళ. వెనక నడిచే తెల్లదారం నల్లకుట్ల సందుల్లోంచి చుక్కచుక్కలుగా తొంగిచూడడమే ఆ పనిలోని అందం. నేటికీ దాన్ని లెక్కగట్టి మళ్లీ అల్లేవాళ్లున్నారు.

1930లలో పొట్టి జంపర్లు (స్వెట్టర్లు), బుట్ట చేతులు, నడుము దగ్గర ఒంటికి పట్టినట్టుండే వెడల్పాటి రిబ్బు అల్లిక వచ్చాయి. ఆ జంపర్లు ఇప్పటి కళ్లకు మరీ పొట్టిగా కనిపిస్తాయి. అప్పటి స్కర్టులు సహజమైన నడుము దాకా, అంటే పక్కటెముకల కింద దాకా ఎక్కేవి. ఆ సంగతి మరిచి కింద జారే ప్యాంటు మీద వేసుకుంటే నమూనాలో తప్పుందనిపిస్తుంది. తప్పు నమూనాది కాదు, జతచేసిన బట్టది.

రెండో ప్రపంచ యుద్ధం ఈ కథలో చాలా చిక్కటి అధ్యాయం. 1941 జూన్ 1 నుంచి బ్రిటన్‌లో బట్టలకు రేషన్ పెట్టారు. మొదటి ఏడాదికి మనిషికి 66 కూపన్లు. రెండు ఔన్సుల అల్లిక ఊలుకు ఒక కూపను. ఈ రేషన్ 1949 మార్చి దాకా సాగింది. ఉన్నవాటినే బాగుచేసుకోమని 1943లో ప్రభుత్వమే చిన్న పుస్తకం అచ్చువేసింది. ఆడవాళ్లు పాత స్వెట్టరు కుట్లు విప్పి, దారాన్ని కుర్చీ వీపుకు చిలపగా చుట్టి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, ఉతికి, కింద బరువు వేలాడదీసి ఆరబెట్టేవాళ్లు. అలా చేస్తే విప్పిన ఊలులో వంకులు పోయి దారం తిన్నగా వస్తుంది. మళ్లీ ఉండ చుట్టి కొత్తది అల్లేవాళ్లు. ఒకే రంగు సరిపడా దొరకదు కనక చారలూ ఫెయిర్ ఐల్ బొమ్మలూ ఎక్కువయ్యాయి. ఈనాడు ముచ్చటగా చూసే ఆ రంగుల కలయికల్లో చాలావాటికి కారణం కొరతే. ఫ్యాక్టరీల్లో జుట్టు యంత్రాల్లో చిక్కకుండా కట్టుకునే స్నూడ్ అనే జాలి కూడా ఆ రోజుల గుర్తే. కొత్తగా క్రోషే నేర్చుకునేవాళ్లు మొదట పట్టుకోదగ్గ వస్తువు అదే: తక్కువ దారంతో త్వరగా అయిపోతుంది, కొలత పెద్దగా చూడక్కర్లేదు. బెరెట్ టోపీ దాని తర్వాత. చేతితొడుగులకు మాత్రం వేళ్ల సందుల దగ్గర ఓపిక కావాలి.

పాత నమూనాను చదవడమే అసలు విద్య. అల్లడం ఎవరికైనా తెలిసే ఉంటుందన్న నమ్మకంతో రాసిన కాగితాలవి. మెడ దగ్గర రెండోవైపు ఎలా తగ్గించాలో చెప్పకుండా, మొదటివైపులాగే చేయమని ఒక్క మాటతో వదిలేస్తాయి. సూదుల నంబర్లు ఇంకో చిక్కు. పాత బ్రిటిష్ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, అమెరికా లెక్కలో లావెక్కుతుంది. బ్రిటిష్ 10వ నంబరు సూది 3.25 మిల్లీమీటర్లు, అమెరికా 10వ నంబరు 6 మిల్లీమీటర్లు. క్రోషేలో పేర్లే తారుమారు: బ్రిటన్ వాళ్లు డబుల్ అనే కుట్టును అమెరికా వాళ్లు సింగిల్ అంటారు. నమూనా ఏ దేశంలో అచ్చయిందో ముందు చూసుకోకపోతే పని మొత్తం వేరే ఆకారంలో తేలుతుంది.

ఇక కొలత. చాలా నమూనాలు ఒకే సైజుకు, తరచు 34 అంగుళాల ఛాతీకి రాసినవి. అంగుళానికి ఏడు కుట్లు చొప్పున ఆ చుట్టుకొలతకు 238 కుట్లు పడతాయి. బిగుతు చేతివాళ్లకు అంగుళానికి ఎనిమిది వస్తే అవే 238 కుట్లు ముప్పై అంగుళాల లోపే తేలుతాయి. దుకాణంలో తేలిగ్గా దొరికే లావుపాటి డబుల్ నిట్టింగ్ ఊలు తీసుకుంటే అంగుళానికి అయిదున్నర కుట్లే పడి, జంపరు 43 అంగుళాలకు ఉబ్బుతుంది. ముందుగా పరీక్షకు ఒక చిన్న ముక్క అల్లి, ఉతికి, ఆరాక టేపు పెట్టి కుట్లు లెక్కపెట్టమని అనుభవజ్ఞులు పట్టుబట్టేది ఇందుకే. 38 అంగుళాలకు పెంచాలంటే 28 కుట్లు కలిపితే చాలనిపిస్తుంది. కానీ బొమ్మ పన్నెండు కుట్లకోసారి తిరిగి వచ్చేదైతే మొత్తం పన్నెండుతో భాగించబడాలి. 266ను 264కు సర్దాలి. ఆ తేడాను పక్క కుట్టు దగ్గరో చంక దగ్గరో దాచాలి. చేతికుట్టు దర్జీ బుర్రలో ఎంత లెక్క ఉంటుందో దీనిలోనూ అంత లెక్క ఉంది.

దారం విషయంలో రాజీ పడితే పాతదనం రాదు. అప్పటి జంపర్లలో చాలావాటికి రెండు మూడు పేటల సన్నటి ఊలు వాడారు. కుట్లు చిన్నవి కావడంతో బట్ట పల్చగా, ఒద్దికగా ఒంటిమీద కూర్చునేది. లావు దారంతో అదే నమూనా అల్లితే బొమ్మ దక్కుతుంది, వాలు దక్కదు. నెలలు పట్టినా సన్నదారమే వాడాలి. చివరి మెరుగులూ అంతే ముఖ్యం: తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేయడం, భుజం మీద చిన్న బొత్తాలు, చేతుల పైభాగం నిలబడేలా లోపల మెత్త.

ఈ కాగితాలు చెత్తలో కలవకుండా కాపాడినవాళ్లలో ఇద్దరిని తప్పక చెప్పుకోవాలి. జేన్ వాలర్ 1972లో పాత నమూనాలను ఏరి ‘ఎ స్టిచ్ ఇన్ టైమ్’ పుస్తకం వేసింది. తర్వాత సూసన్ క్రాఫర్డ్‌తో కలిసి, ఈనాటి ఊలుకూ వేర్వేరు కొలతలకూ సరిపోయేలా మార్చి మళ్లీ తెచ్చింది. చేతి అల్లిక చరిత్రను 1987లో పుస్తకంగా రాసిన రిచర్డ్ రట్ అప్పట్లో లెస్టర్ బిషప్పు. ఆయన పోగుచేసిన పుస్తకాలు సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి. అయితే పాతదైనంత మాత్రాన ప్రతి నమూనా అందరి సొత్తు కాదు, కాపీహక్కులు ఇంకా ఉన్నవి ఉంటాయి. సొంతానికి అల్లుకోవడం వేరు, నకళ్లు తీసి అమ్ముకోవడం వేరు.

ఇప్పుడు సరదాగా సాగే ఈ పని ఒకప్పుడు చాలామందికి బతుకుతెరువు. షెట్లండ్ ఆడవాళ్లకు అల్లిక కూలి డబ్బుగా కాక దుకాణం సరుకుగా ఇచ్చే పద్ధతి మీద 1872లో ప్రభుత్వ విచారణే జరిగింది. గోదావరి జిల్లాల్లోనూ అల్లిక బతుకుతెరువే. నరసాపురం పరిసరాల్లో క్రోషే లేసు పందొమ్మిదో శతాబ్దంలో స్కాట్లండ్ మిషనరీల వల్ల వచ్చింది. ఇళ్లలో ఆడవాళ్ల చేతుల మీదుగా విదేశాలకు ఎగుమతి అయ్యేంతగా పెరిగింది. ఈ పనివాళ్లను పరిశీలించి మరియా మీస్ 1982లో పుస్తకం రాసింది. రోజుకు ఎన్నో గంటలు అల్లుతున్నా వాళ్లను గృహిణులుగానే చూశారనీ, పనిని తీరిక వేళ కాలక్షేపంగా లెక్కగట్టి కూలి తక్కువ ఇచ్చారనీ ఆమె చూపించింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అల్లినవాళ్ల పేర్లు మాత్రం పెద్దగా ఎవరికీ తెలియవు. బ్రిటన్ కరపత్రాల మీదా కంపెనీ పేరే ఉంటుంది, నమూనా గీసినామె పేరు చాలాసార్లు ఉండదు.

ఇంట్లో పెట్టె అడుగున అమ్మమ్మో నాయనమ్మో అల్లిన లేసు ముక్క, ఊలు టోపీ ఏదైనా ఉంటే అల్లినావిడ పేరు, ఊరు, ఏ ఏడాది అల్లిందీ ఒక చిన్న గుడ్డ ముక్క మీద రాసి దానికి కుట్టి పెట్టండి. చెప్పగలిగినవాళ్లు ఇంట్లో ఉండగానే ఆ పని చేయండి.