కన్నునకు చదువు

మన పాఠశాలను విడిచి నాలుగేండ్లయినది. మే మిద్దరము కవలలము, అన్నాచెల్లెండ్రము. ఒకే తరగతిలో చదివి ఒకేనాడు ఈ గుమ్మము దాటితిమి. మీరు నేర్చుచున్న విద్యనుగూర్చి ఈ యేటి సంచికకు నాలుగు మాటలు వ్రాసి పంపుడని గురువర్యులు కోరగా మాకు సంతోషముతోపాటు సంకోచమును కలిగెను. మాతోడివారు కొందరు వైద్యులు కానున్నారు, కొందరు ఇంజనీర్లు కానున్నారు. మేము బొమ్మలు గీయుచున్నాము. అయినను గురువుల మాట జవదాటరాదు కావున, మా చిన్న కళాశాలలో మేము పొందిన యొక సిగ్గును, దానివలన నేర్చిన యొక పాఠమును ఇచట విన్నవించుచున్నాము.

హైదరాబాదునందు చిత్రకళ నేర్వగోరువారు మొదట తలచునది మాసాబుట్యాంకునందలి లలితకళా కళాశాల. 1940లో ప్రభుత్వ చిత్రకళాపాఠశాలగా మొదలై, పిదప జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయములో చేరి, 2008లో వేరు విశ్వవిద్యాలయముగా నేర్పడిన సంస్థ యది. కొండపల్లి శేషగిరిరావుగారు అచట నేర్చి, శాంతినికేతనమునకు పోయి వచ్చి, మరల అచటనే బోధించిరి. లక్ష్మా గౌడు, తోట వైకుంఠముగార్లు అచటి విద్యార్థులే. మేమును ప్రవేశపరీక్ష వ్రాసితిమి. ఫలితముల పట్టికలో మా పేర్లు లేకపోయెను. అందువలన అమీరుపేటలోని యొక చిన్న కళాశాలలో చేరితిమి.

అమీరుపేట యనగానే అందరికిని తోచునది కంప్యూటరు విద్య. మైత్రీవనము చుట్టునుగల సందులలో మేడల గోడలు కానరావు, పలకలే కానవచ్చును. కరపత్రము చేతిలో పెట్టక అచ్చటి కుఱ్ఱవాండ్రు ఎవ్వరిని ముందునకు పోనీయరు. మా కళాశాల యట్టి సందులో నొక జిరాక్సు దుకాణముపైనున్న మూడు గదులు. విద్యార్థులము పదునొకండుగురము, బోధకులు ఇద్దరు. ఒకవైపే అచ్చుగల కరపత్రముల వెనుక మేము రేఖాభ్యాసము చేయుచుంటిమి గాన, మొదటి యేడు కాగితమునకై మాకు పెద్ద వ్యయము కాలేదని చెప్పవలెను.

మా నాయనగారు ఆర్టీసీ బస్సు కండక్టరు. ఇద్దరి రుసుమును ఒక జీతములోనుండి తీయవలసివచ్చుటచే ఆయన యొకనాడు, "బొమ్మలు కూడు పెట్టునా? ఎట్లును అమీరుపేటకే పోవుచున్నారు గదా, మీలో నొక్కరైనను పక్క మేడలో కంప్యూటరు నేర్వరాదా?" అని యడిగెను. ఆ మాటలో కోపము లేదు, లెక్కయే యున్నది. మా యమ్మ యేమియు పలుకక బైబిలులో నిర్గమకాండము 31వ యధ్యాయము తీసి ఆయన ముందుంచెను. ప్రత్యక్షగుడారపు పనికై బెసలేలు అను శిల్పిని దేవుడు పేరుపెట్టి పిలిచిన ఘట్టమది. నాయనగారు చదివి, "సరే, ఒక యేడు చూతము" అనిరి. ఆ యేటి గడువు మా తలలపై వ్రేలాడుచుండెను.

ఇట్టి స్థితిలో మాకు చిత్రలేఖనమం దెంత తొందరయో, కళాచరిత్రయం దంత విసుగు. చేయి సాధనచేసినచో నాలుగు రూకలు వచ్చును. ఎన్నడో చనిపోయినవారి తేదీలు కంఠస్థము చేసినచో నేమి వచ్చును? మా చరిత్రాచార్యులు వృద్ధులు, మితభాషులు. మా ముఖములు చూచియే మా తలపు గ్రహించినవారివలె మొదటినాడే దామెర్ల రామారావుగారి కథ చెప్పిరి. రాజమహేంద్రవరమున ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యులైన ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు ఆ బాలుని చేతిలోని ప్రజ్ఞను గుర్తించి, బొంబాయి జే. జే. కళాశాలలో చదువుకొనుటకు తోడ్పడెను. 1897లో పుట్టిన రామారావుగారు 1925లో, 28 యేండ్ల ప్రాయము నిండకమునుపే గతించిరి. ఆ కొలదికాలములోనే స్వగ్రామమున చిత్రకళాశాల నెలకొల్పి శిష్యులను తయారుచేసిరి. "మూడు గదులని చిన్నబోవలదు, చూచుట నేర్పిన చోటే కళాశాల" అని చెప్పి ఆచార్యులు పాఠము ముగించిరి. మేము తలలూపితిమి గాని, ఆ మాట మా చెవులయందే నిలిచెను.

రెండు నెలల పిదప వారు మాకొక పని నిచ్చిరి. అజంతా 1వ గుహలోని పద్మపాణి బోధిసత్త్వుని, నీలోత్పలము చేతబట్టి తల వంచిన యా మూర్తిని, వర్ణములతో ప్రతి తీయవలెను. గడువు పది దినములు. దానికి ముందు ఆ చిత్రమునుగూర్చిన యొక చిన్న గ్రంథమును చదువవలెను. మేము పదునొకండుగురమును ఆ గ్రంథమును తెరువనైనను తెరువలేదు. కడపటి రాత్రి ఫోనులో దొరికిన యొక ఛాయాచిత్రమును క్రింది దుకాణమున అచ్చు తీయించి, అందరమును దానినే చూచి తెల్లవారునప్పటికి పూర్తిచేసితిమి. మా ప్రతులు చక్కగా వచ్చినవనియే మా నమ్మకము. అచ్చులోని యా బంగారుచాయ పసుపును మే మిద్దరము మిక్కిలి శ్రద్ధతో బుగ్గలమీదను, భుజములమీదను పట్టించితిమి.

ఆచార్యులు పదునొకండు కాగితములను వరుసగా గోడకు తగిలించి, చాలసేపు చూచి, "ఈ పసుపు ఎవరిది?" అని యడిగిరి. చిత్రకారునిదని చెప్పితిమి. "అజంతా చిత్రకారులయొద్ద పసుపుమన్ను ఉండెను, ఎఱ్ఱమన్ను ఉండెను, దీపపుమసి, సున్నపు తెలుపు, ఆకుపచ్చమన్ను ఉండెను, దూరదేశమునుండి తెచ్చిన లాజవర్దపు నీలము సహితము ఉండెను. కావున పసుపు వారిది కావచ్చును. కాని మీరు పూసిన ఈ పసుపు నీలముమీదను, తెలుపుమీదను ఒకే తీరుగా పరచుకొన్నది. ఏ చిత్రకారుడు అట్లు పూయును?" అని వారు మరల ప్రశ్నించిరి. మాకు మాట రాలేదు.

అప్పుడు వారు చెప్పినది మేము చదువక విడిచిన గ్రంథములోని విషయమే. అజంతా ఆ కాలమున నిజాము రాజ్యములోనిది. పూర్వము ప్రతులు తీసినవారు రంగులు తేటగా కనబడుటకై గోడలకు వార్నిషు పూసిరి. పెళ్లలూడుచున్న చిత్రములను నిలుపుటకు నిజాము ప్రభుత్వము 1920 ప్రాంతమున ఇటలీనుండి లొరెంజో చెకోనీని, ఆయన సహాయకుని రప్పించెను. వారు రాలుచున్న పూతను గోడకు అతికించి, పైన లక్క వార్నిషు పూసిరి. వారు చేసిన మేలు గొప్పది. వారు లేనిచో మరికొంత భాగము నేలపాలై యుండెడిది. కాని యేండ్లు గడిచినకొలది ఆ లక్క పసుపుబారి, ధూళిని పట్టి, క్రింది వర్ణములను కప్పివేసెను. పిమ్మట పురావస్తుశాఖ రసాయనశాస్త్రజ్ఞులు దానిని మెల్లమెల్లగా తొలగింపవలసివచ్చెను. "మీరు 1,500 యేండ్లనాటి చిత్రకారుని గాక నూరేండ్లనాటి వార్నిషును ప్రతి తీసితిరి. కన్ను తానుగా దీనిని కనిపెట్టజాలదు. చరిత్ర చెప్పినచో కనిపెట్టును" అని వారనిరి. కోపపడినచో బాగుండెడిది; వారు కోపపడలేదు. కాగితములను మడతపడకుండ తీసి మా చేతికిచ్చిరి.

మరుసటి ఆదివారము వారే మమ్ము వెంటబెట్టుకొని మెట్రోరైలులో పంజాగుట్ట, ఎర్రమంజిల్, ఖైరతాబాదు, లక్డీకాపుల్ దాటి అసెంబ్లీయొద్ద దిగి, పబ్లిక్ గార్డెన్సులోని పురావస్తుశాలకు కొనిపోయిరి. అచట జనులందరును ఈజిప్టు మమ్మీచుట్టు మూగియుండిరి. అజంతా చిత్రముల ప్రతులున్న చోట మేము తప్ప మరి యెవ్వరును లేరు. ప్రతి తీయుట యనగా నెట్టి పనియో ఆనాడు వింటిమి. మద్రాసు సైన్యమునకు చెందిన రాబర్టు గిల్ అనునాతడు 1844 మొదలు సుమారు ఇరువదేండ్లు గుహలలో కష్టించి తీసిన ప్రతులలో ఎక్కువభాగము 1866లో లండనునందలి క్రిస్టల్ ప్యాలెసు దహనములో బూడిదయ్యెను. బొంబాయి కళాశాల విద్యార్థులతో జాన్ గ్రిఫిత్సు 1872 మొదలు 1885 వరకు తీసిన ప్రతులలో పెక్కులు 1885లో అదే నగరమున అగ్నికి ఆహుతియయ్యెను. అయినను 1909–1911 నడుమ క్రిస్టియానా హెరింగ్‌హామ్ అను వనిత మరల పూనుకొనెను. ఆమెకు తోడైనవారిలో కలకత్తానుండి వచ్చిన నందలాల్ బోసు, అసిత్ కుమార్ హల్దారులతోపాటు మన హైదరాబాదువారగు సయ్యద్ అహ్మద్, ఫజలుద్దీన్‌గారలును ఉండిరి. రెండుమారులు కాలిపోయిన పనిని మూడవమారు మొదలిడినవారిని తలచుకొని, ఒక్క రాత్రిలో ముగించిన మా పనిని తలచుకొని, మేము తలలెత్తలేకపోతిమి. ఆనాడు నాలుగు గంటలలో నొక్క కనుబొమ్మను మాత్రము గీసితిమి. అదియు సరిగా రాలేదు. కాని యది వార్నిషు కాదు.

తిరుగుప్రయాణమున ఆచార్యులు ఎర్రమంజిల్‌లో దింపి, గుట్టమీది భవనమును చూపిరి. నవాబు ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన మేడ యది. ఆ తావును తెలుగువారు ఎఱ్ఱగుట్ట యనుచుండగా, నవాబుగారు స్వర్గవనమను అర్థముగల ఫారసీపదమగు 'ఇరమ్' దానికి దగ్గరగా వినబడుటచే భవనమునకు ఇరమ్ మంజిల్ అని పేరుపెట్టి, గోడలకు ఎఱ్ఱరంగు వేయించెనని చెప్పుదురు. జనుల నోట అది మరల 'ఎర్ర' యయ్యెను. రెండు భాషలు ఒకే గోడమీద ఒకదానిపై నొకటి పూసిన పూతలవలె నున్నవి. 2019లో దీనిని పడగొట్టి నూతన శాసనసభాభవనము కట్టవలెనని ప్రభుత్వము తలపెట్టగా, అదే సంవత్సరము హైకోర్టు ఆ నిర్ణయమును కొట్టివేసెను. మేము నిత్యము దానిప్రక్కనే పోవుచు ఒక్కనాడును తలయెత్తి చూచినవారము కాము. ఆ నెలంతయు సాయంకాలములందు రోడ్డుప్రక్కన నిలిచి ఆ భవనమును గీసితిమి.

ఏడాది గడువు ముగిసినప్పుడు నాయనగారు మా కాగితములను చూపుమనిరి. మేము భయముతో ఎర్రమంజిల్ చిత్రమును ముందుంచి, పై కథను చెప్పితిమి. ఆయన చాలసేపు చూచి, "ఇరువదేండ్లుగా ఈ స్టాపు పేరు రోజునకు పదిమారులు అరచుచున్నాను. దాని అర్థ మేమని యెన్నడు నడుగలేదు" అనిరి. మరునాడు తమ బస్సు అచట ఆగినప్పుడు మెట్లపైనుండి వంగి గుట్టవైపు చూచితిమని చెప్పిరి. కంప్యూటరు మాట ఆయన మరల యెత్తలేదు. తీర్పు మాకు అనుకూలమని చెప్పజాలము. వాయిదా పడినదని మాత్రము చెప్పగలము. మా తరగతిలో ముగ్గురికి అట్టి వాయిదాయును దొరకలేదు. వారు ప్రక్క మేడలలోని తరగతులకు పోయిరి. వారిని తప్పుపట్టుట మాకు తగదు; ఇంటి లెక్కలు ఎవరివి వారికే తెలియును. వారిలో నొకడు నేటికిని సెలవుదినములందు మాతో పురావస్తుశాలకు వచ్చుచున్నాడు.

ప్రియ సోదరీసోదరులారా! మీరందరును చిత్రకారులు కావలెనని మేము కోరము. మన పాఠశాలనుండి విహారమునకై మెదకు చర్చికి పోవుట మీకు తెలిసినదే. 1924 క్రిస్టమస్ దినమున ప్రతిష్ఠింపబడిన ఆ దేవాలయములో ఫ్రాంక్ సాలిస్‌బరీ యను ఆంగ్ల చిత్రకారుడు రచించిన గాజు కిటికీలు గలవు. మేము పోయిననాడు ఆవరణలో పరుగులెత్తి, పులిహోర తిని, బయటినుండి చూచి అవి నల్లని అద్దములని తలచి తిరిగివచ్చితిమి. మీరట్లు చేయకుడు. పగటివేళ లోపలికి పోయి, కొంచెముసేపు నిశ్శబ్దముగా నిలిచి చూడుడు. ఎవరు చేసిరి, ఎప్పుడు చేసిరి, వెలుగు ఎటునుండి వచ్చుచున్నది యని గురువుల నడుగుడు. ఆ ప్రశ్నలను మేము మీ వయస్సుననే అడిగియున్నచో, అమీరుపేటలో ఆ రాత్రి వార్నిషును పట్టించియుండము.