పదకొండో పిన్ను

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాని మాది కాలువ శివారు ఊరు. నీళ్ళు మాదాకా వచ్చేసరికి పైవాళ్ళ ఊడ్పులు అయిపోతాయి. అందుకే మాకు బోరు మోటారే ఆధారం. రాత్రిపూట నీళ్ళు పెట్టాల్సి వస్తే టార్చిలైటు పట్టుకుని గట్టు వెంట వెళ్ళడం నాన్నగారి వంతు, పురుగూ పుట్రా అని భయపడుతూ కూర్చోవడం అమ్మ వంతు.

బియ్యెస్సీ చదివే కొడుకుండగా ఇదేమిటని గత జూన్‌లో ఒక రాస్‌బెర్రీ పై కొన్నాను. పిల్లలకి ప్రోగ్రామింగు అలవాటు చెయ్యాలని ఇంగ్లండువాళ్ళు 2012లో తెచ్చిన అరచేతంత కంప్యూటరు అది. దాని అంచున 40 పిన్నులుంటాయి. అందులో చాలావాటికి మనం ప్రోగ్రాములో ఎత్తమంటే 3.3 వోల్టులు, దించమంటే సున్నా. తూము తలుపులు చూస్తూ పెరిగినవాడికి ఇందులో కొత్తేముంది! పిన్ను ఇచ్చేది కొద్ది మిల్లీ ఆంపియర్లే కనుక పదకొండో పిన్నుకి రిలే బోర్డు తగిలించి, అక్కణ్ణుంచి మోటారు స్టార్టరుకి ఎలక్ట్రీషియన్ చేత తీగలు లాగించాను. నేను తెచ్చిన రిలే తిరగేసిన రకం. పిన్ను సున్నా అయితేనే పనిచేస్తుంది. సరే, ప్రోగ్రాములో "ఎత్తు", "దించు" అటూ ఇటూ మార్చేశాను. అరుగు మీంచి సెల్‌ఫోను నొక్కితే మోటారు తిరిగింది, మళ్ళీ నొక్కితే ఆగింది. నాన్నగారు ఊరంతా చెప్పుకున్నారు.

ఓ సాయంత్రం ఆకుమడిలో మొలక విత్తనాలు చల్లి, నీరు తీసేశాం. "ఈ రాత్రి మోటారు ముట్టుకోకురా" అన్నారు. ముట్టుకోలేదు. రాత్రి ఎప్పుడో కరెంటు పోయి వచ్చిందట. తెల్లారి చూస్తే ఆకుమడి చెరువైంది. విత్తనమంతా ఓ మూలకి కొట్టుకుపోయింది.

తప్పు నాదే. కరెంటు రాగానే ప్రోగ్రాము మళ్ళీ మొదలై, ఎవరూ చెప్పకుండానే పిన్నుని ముందు సున్నాలో పెట్టింది. నా రిలేకి సున్నా అంటే "తిప్పు" అని. మాటలు అటూ ఇటూ మార్చడం కాదు, "యాక్టివ్ హై" అన్నచోట "ఫాల్స్" అని వ్రాసుంటే పోయేది.

నాన్నగారు కేకలేస్తారనుకున్నాను. ఆయన గట్టు మీద కూర్చుని, "లస్కరు డ్యూటీ ఎక్కగానే ముందు తలుపులు దిగున్నాయో లేదో చూసుకుంటాడ్రా. నీ లస్కరుకి ఆ మాట నువ్వు చెప్పలేదు" అన్నారు.

పక్క చేనువాళ్ళ దగ్గర విత్తనాలు బదులు తెచ్చి, మొలక కట్టి మళ్ళీ చల్లాం. ఇప్పుడు నాన్నగారు రాత్రిళ్ళు నిద్రపోతున్నారు. నేను మాత్రం ఏ ప్రోగ్రాము వ్రాసినా కరెంటు తీసి, మళ్ళీ వేసి చూడందే పొలం గట్టెక్కనివ్వడం లేదు.