దాంపత్యప్రేమయు సంతాననిరోధమును

సంతాననిరోధమును గూర్చిన ప్రసంగము వచ్చినప్పుడెల్లఁ గతోలిక మతగురువులను వెనుకటి కాలపువారని పరిహసించి తృప్తి నొందుట మన విద్యావంతులలోఁ గొందఱకు వాడుక. మేమీ వాడుకను మెచ్చము. వారేమి చెప్పుచున్నారో, ఎందులకుఁ జెప్పుచున్నారో తెలిసికొనిన పిమ్మటఁ గదా విమర్శింపవలెను.

సంతానము, పరస్పర విశ్వాసము, విడరాని బంధము నను మూఁడు శుభములు వివాహమునకుఁ గలవని అయిదవ శతాబ్దారంభమున సెయింటు అగస్టీను వ్రాసెను. సంతానోద్దేశము లేని సంగమము దంపతులకు సైతము అల్పదోషమే యని యాతని మతము. ఆ యభిప్రాయపు నీడ చిరకాలము నిలిచినది. 1917 నాఁటి శ్రీసభ ధర్మశాస్త్రమునందు సంతానోత్పత్తియు, బిడ్డల పెంపకమును వివాహమునకు ముఖ్యప్రయోజనములు. పరస్పర సాహాయ్యమును, కామోపశమనమును గౌణములు. ధర్మార్థములతోఁ గామమును గూడఁ జేర్చి వరునిచేఁ బ్రమాణము చేయించు సంప్రదాయమునఁ బెరిగిన మన కిది వింతగాఁ దోఁచును. ఆ ప్రమాణము మన యిండ్లలో నెంతవఱకు నిలుచుచున్నదో అది వేఱుమాట.

1930లో ఆంగ్లికను బిషప్పులు లాంబెత్ సభయందుఁ గొన్ని నియమములకు లోఁబఱచి కృత్రిమ నిరోధమున కనుమతి నొసంగిరి. ఆ యేఁటి డిసెంబరు 31వ తేదీననే పదునొకండవ పయస్ పోపు ‘కాస్తి కొన్నూబీ’ యను విశ్వలేఖను వెలువరించి దానిని ఖండించెను. అయితే దంపతులు ఒకరినొకరు తీర్చిదిద్దుకొనుటయే విశాలార్థమున వివాహమునకుఁ బ్రధాన హేతువని చెప్పవచ్చు ననియు నా లేఖలోనే కలదు. ఖండనమును మాత్రమే చదువువారి కీ మాట కనఁబడదు. 1965లో వాటికను సభ యింకను ముందునకు సాగి, దాంపత్యము జీవనప్రేమల సాహచర్యమనియు, దంపతుల సంగమము గౌరవార్హమనియు, బిడ్డలు కలుగకున్నను వివాహము వివాహమే యనియుఁ బ్రకటించెను.

ఇంతలో 1960లో అమెరికాయందు గర్భనిరోధపు మాత్రకుఁ బ్రభుత్వానుమతి లభించినది. దానిని సిద్ధపఱచినవారిలో నొకఁడగు జాన్ రాక్ వైద్యుఁడు స్వయముగాఁ గతోలికుఁడు. 1963లో ఇరువదిమూఁడవ జాన్ పోపు విచారణసంఘము నొకదానిని నియమించెను. ఆఱవ పాల్ పోపు దానిని విస్తరించి గృహస్థులకును స్థానమిచ్చెను. షికాగో నగరవాసులగు పాట్రిక్, పాటీ క్రౌలీ దంపతులు వారిలోనివారు. గర్భధారణకు వీలుగల దినములను విడిచి మెలఁగు పద్ధతిని 1951లోనే పండ్రెండవ పయస్ పోపు అంగీకరించి యుండెను. దాని ననుసరించిన భక్తదంపతులు వ్రాసిన యుత్తరములను క్రౌలీలు తెచ్చి సంఘము ముందుంచిరి. దినములు లెక్కించుచు, తప్పునేమో యని భయపడుచు, అనురాగమునఁ జేరవలసిన వేళ దూరముగ మెలఁగవలసివచ్చుచున్నదని వారిలోఁ బలువురి మొఱ. గర్భము మోయువారి వాక్కును సభలో వినుట యేమతమునందైనను అరుదు. కనుకనే మే మీ ఘట్టమును గొప్పదిగా నెంచుచున్నాము.

1966లో సంఘమునందలి యధికసంఖ్యాకులు మార్పును గోరిరి. అందఱు నేకాభిప్రాయులు గాకుండుటయు, వారి నిర్ణయము పూర్వబోధకు విరుద్ధ మగుటయుఁ జూచి పోపు దానిని స్వీకరింపలేదు. 1968 జూలై 25వ తేదీగల ‘హుమానే వీతే’ లేఖలోని వాదమిది: ఐక్యమును, సంతానాభిముఖతయుఁ బ్రతిసంగమమునందును గలసియుండును; వానిని మనుష్యుఁడు విడఁదీయరాదు. నిరోధసాధనములకు అలవడిన పురుషుఁడు భార్యను గౌరవింపక భోగసాధనముగాఁ జూచునని కూడ హెచ్చరించినాఁడు. ఈ హెచ్చరికను మేము తేలికగాఁ ద్రోసిపుచ్చము. 1935లో వార్ధాకు వచ్చిన మార్గరెట్ సాంగరుతో గాంధీమహాత్ముఁడును ఇట్లే నిగ్రహమునే సమర్థించెను.

కాని సంతానాభిముఖత దాంపత్యజీవితమున కంతకును వర్తింపవలెనా, ప్రతిసంగమమునకు వర్తింపవలెనా? నలుగురు బిడ్డలను గని పెంచుచు, అయిదవ కాన్పునకు దేహము చాలక వెఱచు తల్లి సంతానవిముఖురా లెట్లగును? లెక్కపద్ధతియందును బిడ్డ వలదనునదే యుద్దేశము. ఒకటి ప్రకృతి ననుసరించుట, వేఱొకటి ప్రకృతి నడ్డగించుట యను పోపుగారి సమాధానమున భేదము లేకపోలేదు; ఆ భేదము పాపపుణ్యముల భారమంతయు మోయఁగలదని మాకుఁ దోఁపదు. నిగ్రహ మిరువురిదియు నైనచో నది తపస్సే. భర్త యంగీకరింపని యింట ఆ యుపదేశము భార్యకు శిక్షయే యగుచున్నది.

1968 సెప్టెంబరులోనే కెనడా బిషప్పులు విన్నిపెగు నగరమునఁ జేరి, చిత్తశుద్ధితో యత్నించియు నీ బోధ ననుసరింపలేనివారు తమ యంతఃకరణము చొప్పున నడువవచ్చునని భావము వచ్చునట్లు ప్రకటించిరి. 1983 నాఁటి క్రొత్త ధర్మశాస్త్రమున ముఖ్యగౌణభేదము తొలఁగి, దంపతుల శ్రేయస్సు సంతానముతోఁ గలిపి పేర్కొనఁబడినది. నిషేధము మాత్రము నేఁటికిని యథాతథముగ నున్నది.