బడిలో బతుకమ్మ

రేపటి నుంచి దసరా సెలవులు. ఇవాళ మా పాప బడిలో బతుకమ్మ.

నిన్న రాత్రి ఇల్లంతా తంగేడు, గునుగు పూలే. పాప గునుగును కట్టలు కట్టి, కాడలు సమానంగా కోసి, రంగునీళ్లలో ముంచింది. వేళ్లకు ఆ గులాబీ రంగు ఇంకా పోలేదు. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి పూలు పేర్చడం మా అత్తమ్మ నేర్పింది.

నేను చదువుకునేటప్పుడు మా గర్ల్స్ హైస్కూల్లో బతుకమ్మ ఆడేవాళ్లం కాదు. అది ఇంటి దగ్గరి పండుగ. 2014లో రాష్ట్ర పండుగయ్యాక ఆ బడిలోనూ ఆడుతున్నారట. ఎంత సంతోషమో! అప్పట్లో మాకు సెప్టెంబర్ 5, టీచర్స్ డేనే పెద్ద సంబరం. పదో తరగతిలో అమ్మ చీర కట్టుకుని ఏడో తరగతికి లెక్కలు చెప్పాను. చాక్‌పీసు పట్టిన చెయ్యి వణకడం ఇప్పటికీ గుర్తే.

ఇవాళ పొద్దున పాప బడి గేటు దగ్గర చూశాను. చిన్నపిల్లకు బతుకమ్మ బరువైతే, పై తరగతి అక్క ఒక చెయ్యేసింది. ఇద్దరూ అట్లాగే మెల్లగా లోపలికి నడిచారు.