బండిలో బియ్యం సంచి

ఓ సాయంత్రం. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి దిగే ర్యాంపు దగ్గర నిలబడి బ్యాగులో ఇంటి తాళాలు వెతుక్కుంటున్నా. పక్కనే బండిలో ఏడు నెలల మా బుజ్జిగాడు. బ్రేకు తొక్కే ఉంచా. అయినా కిర్రుమని చిన్న చప్పుడు. తలెత్తేసరికి బండి చేతికందనంత దూరంలో ఉంది! బ్యాగు అక్కడే పడేసి పరిగెత్తా. ఎదురుగా ఉన్న బైకుకి రెండడుగుల ముందు హ్యాండిల్ దొరికింది. వాడు బోసినోటితో కిలకిలా నవ్వుతున్నాడు. నాకేమో ఏడుపాగలేదు.

ఆ బండి కొన్నది నేనే. అదీ ముచ్చటపడి మరీ.

అసలు స్ట్రోలర్ కొంటానంటే అమ్మ ఒప్పుకోలేదు. 'మీ ముగ్గుర్నీ చంకనేసుకునే పెంచాం. బండెందుకే, డబ్బు దండగ' అంది. నిజమే. కానీ తెనాలిలో అమ్మకి ఎన్ని చంకలు! నానమ్మ చంక, మేనత్త చంక, పక్కింటి పిన్నిగారి చంక... హైదరాబాద్‌లో మా ఫ్లాటులో ఉన్నది మేమిద్దరమే. అందులో ఒకరు పొద్దున ఎనిమిదింటికే ఆఫీసుకెళ్లిపోతారు. సిజేరియన్ తర్వాత నా నడుము సంగతి చెప్పక్కర్లేదు.

ముందు షోరూముకెళ్లాం. నచ్చినదాని ధర 14 వేలు. మా ఆయన ట్యాగు చూసి, మెల్లగా తిప్పి పెట్టేశారు. మర్నాడు కోఠీలో 2,400కే ఇంకోటి కనిపించింది. ఎలుగుబంటి బొమ్మలు, దోమతెర, మీట నొక్కితే పాట. అన్నీ చూశాం, ఒక్క బ్రేకు తప్ప!

ర్యాంపు మీద జరిగిందాని తర్వాత ఆ బండిని ఎవరికీ ఇవ్వలేదు. ఇంకో తల్లి చేతికి వెళ్తుందేమోనని చక్రాలు ఊడదీసి మరీ పడేశా.

ఈసారి పిల్లల డాక్టరుగారిని అడిగా. ఇప్పటికే పిల్లల్ని పెంచిన స్నేహితురాళ్లనీ అడిగా. తేలిందేంటంటే... బ్రేకు వేస్తే వెనక చక్రాలు రెండూ బిగుసుకోవాలి. బెల్టు నడుముకొక్కటే సరిపోదు. రెండు భుజాలకి, నడుముకి రెండు వైపులా, కాళ్ల మధ్య కలిపి అయిదుచోట్ల పట్టుకోవాలి. మెడ నిలవని పసికందుకైతే సీటు పూర్తిగా వాలాలి. కూరల సంచులు హ్యాండిల్‌కి తగిలిస్తే బండి వెనక్కి తిరగబడే ప్రమాదముంది. ఇక మా లిఫ్టు నెలలో సగం రోజులు పనిచేయదు కాబట్టి బండి తేలిగ్గా ఉండి, మడిస్తే చంకలో పట్టాలి. గొడుగులా మడిచే బండిని 1965లో రూపొందించింది ఓవెన్ మెక్‌లారెన్ అనే బ్రిటన్ ఇంజినీరు. స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాల చక్రాల అమరిక మీద పనిచేసిన అనుభవంతో, అల్యూమినియం గొట్టాలు వాడి మూడు కిలోల్లోపే తేల్చేశాడాయన. ఆ మాట చదివాక మెట్లెక్కే తల్లుల బాధ ఎవరో పట్టించుకున్నారనిపించింది.

మా ఆఫీసులో ఓ అక్క వాళ్ల పాప పరుగులు పెట్టే వయసుకొచ్చింది. వాళ్ల బండి 3,000కి ఇస్తానంది. ఆదివారం వెళ్లా, చేతిలో పది కిలోల బియ్యం సంచితో! 'ఇదేంటే, ఒడిబియ్యమా?' అని అక్క ఒకటే నవ్వు. సంచిని సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, వాళ్ల ర్యాంపు మీద బ్రేకేసి చెయ్యి వదిలేశా. కదల్లేదు. ముందుకి తోశా. కదల్లేదు. అప్పుడు డబ్బులు తీశా. రంగు వెలిసింది, కప్పు పెట్టే గూడు విరిగింది. పోనివ్వండి. బేరం వాటి దగ్గర చేసుకోవచ్చు. బ్రేకు దగ్గర, బెల్టు దగ్గర కుదరదు. మన చెయ్యి వదిలినప్పుడు బిడ్డని పట్టుకునేవి ఆ రెండే.

మొన్న దసరాకి అమ్మ వచ్చింది. సాయంత్రం మనవణ్ని బండిలో వేసుకుని పార్కుకెళ్లి, చీకటిపడ్డాక వచ్చింది. 'ఇంతసేపా అమ్మా?' అంటే, 'పక్క వీధి ఆవిడ కలిసిందే. కబుర్లలో పడ్డాం' అంది. నా మొహం చూసి నవ్వింది.

'బ్రేకు వేశాన్లేవే. రెండుసార్లు తోసి చూసి మరీ వేశా!'